ఎర్ర టిక్కు, పచ్చ టిక్కు

టెలిఫోను ఆపరేటరు కళావతి గది మెట్ల కింద ఉండేది. ఉస్మాన్‌గంజ్‌లోని ఆ వర్తకుల సహకార బ్యాంకు మేడకు కింది అంతస్తంతా మిరపకాయల గోదాము. బస్తాలు దించే వేళ మేడంతా దగ్గేది. ఆ దగ్గుల్ని బట్టే ఎవరు సీట్లో ఉన్నారో, ఎవరు చాయ్‌కి దిగారో ఆమె చెప్పేసేది. పుట్టుకతోనే చూపు లేదు. బహదూర్‌పురా నుంచి అఫ్జల్‌గంజ్ దాకా బస్సు, అక్కణ్ణించి నడక. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే దారి.

2006లో బ్యాంకు అందరికీ ఈమెయిల్ ఇచ్చింది. కళావతికి మాట్లాడే కంప్యూటర్ వచ్చింది. తెర మీది ఇంగ్లీషు అక్షరాల్ని అది చదివి చెవిలో చెబుతుంది. ఇక కాగితం కోసం ఎవరినీ బతిమాలే పని లేదనుకుంది.

ఆఫీసు పద్ధతి అడ్డొచ్చింది. సర్క్యులర్‌ని టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర గుద్ది, ఆ కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్లో పంపేవారు. ముద్ర లేని మాటను అక్కడ ఎవరూ లెక్కచేయరు. అలా వచ్చేది కాగితం ఫొటో. ఫొటోలోని అక్షరాలు యంత్రానికి అందవు. "గ్రాఫిక్" అని ఒక్క ముక్క పలికి ఊరుకునేది.

దాంతో మళ్లీ పాత బతుకే. టైపిస్టు స్రవ్యను పిలిచేది.

"ఏం లేదక్కా, మామూలే."

"మామూలేందో నేను చెప్త. నువ్వు చదువు."

"లీవుల గురించక్కా. నువ్వెట్లాగూ పెట్టవు గద!"

పిల్ల మంచిదే. కాని చదవమంటే సారాంశం చెబుతుంది. చూపున్నవాళ్లందరిదీ ఆ అలవాటే. కళావతి చాలాకాలం కిందటే వాదించడం మానేసింది.

మరుసటి ఏడు వర్షాకాలంలో ఒక మాట మేడంతా పాకింది. ఫోన్లకు తనంత తాను జవాబు చెప్పే యంత్రం వస్తోంది, ఆపరేటరు పోస్టు తీసేస్తున్నారు. మెయిల్ వచ్చాక డిస్పాచ్ గుమాస్తా సోమయ్య చేతిలోనూ పనిలేదు. ఉత్తరాల విభాగంలో ఒక్క సీటు ఖాళీగా ఉంది. అది దక్కనివాళ్లు అల్వాల్ శాఖకు పోవాలి. అల్వాల్ అంటే కళావతికి రెండు బస్సులు, తెలియని రోడ్లు, దాటించమని రోజూ ఎవరో ఒకరి చేయి అడగడం.

సర్క్యులర్ రానే వచ్చింది. "గ్రాఫిక్" అంది యంత్రం. ఈసారి కళావతి వదల్లేదు. ప్రింటు తీయించి, స్రవ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క మాట పోకుండా చదివించింది.

"గుర్తు పెట్టిన ఉద్యోగులు మాత్రం పదో తారీఖులోగా తమ ఆప్షన్ పంపాలి. మిగతావారికి ఇది సమాచారం నిమిత్తం. అంతే అక్కా. కింద పేర్లున్నయ్."

"నా పేరుకు గుర్తుందా?"

"అందరికీ టిక్కుంది. చూసినోళ్లు పెట్టే టిక్కులే."

ఆ ఆఫీసులో సర్క్యులర్ చేతులు మారుతుంటే చదివినవాళ్లు తమ పేరు పక్కన టిక్కు పెట్టేవారు. ఇవీ అవే అనుకుంది స్రవ్య. పక్క గదిలో సోమయ్య కూడా తన ప్రింటు చూసుకుని అదే అనుకున్నాడు. వేరే గుర్తేదీ లేదు గనక ఇద్దరూ ఆప్షన్ పంపలేదు. అసలు కాగితం మీద పరిపాలనాధికారి ఆనందరావు ఆప్షన్ పంపాల్సినవాళ్లకు ఎర్ర సిరాతో, ఊరికే తెలియాల్సినవాళ్లకు పచ్చ సిరాతో టిక్కు పెట్టాడు. ఆఫీసు ప్రింటరుకు నలుపొక్కటే వచ్చు.

పదో తారీఖు దాటింది. పదకొండున ఆనందరావే కింద గదికి ఫోన్ చేశాడు.

"ఏమ్మా కళావతిగారూ, ఉత్తరాల సీటు వద్దా మీకు? ఆప్షనే పంపలేదు?"

ఆమె ఫోన్ పెట్టేసి, గోడ పట్టుకుంటూ పైకెక్కింది. ఎర్ర టిక్కు సంగతి అప్పుడు తెలిసింది.

"ఎర్రదని నాకెట్ల తెలుస్తది సార్?"

"పక్కనెవరైనా చూసి చెప్పాలి కదమ్మా."

"చూసిన్రు. ప్రింటుల అన్నీ నల్లగనే ఉన్నయట. సోమన్నకు కండ్లున్నయి గద, ఆయన గూడ పంపలె."

ఆనందరావు కాగితం తిప్పి చూశాడు. బందరువైపు నుంచి వచ్చిన మనిషి. నెమ్మదస్తుడే, గొడవంటే మాత్రం గిట్టదు. గొంతు తగ్గించాడు.

"సరే, అయిందేదో అయింది. ఒక్క ఆప్షనూ రాలేదు. నిన్నటి తేదీతో మీ పేరు రాసేస్తాను. సీటు మీది. ఇంటికెళ్లండి."

కళావతికి కాళ్లు లాగుతున్నాయి. ఆ మాట పట్టుకుని దిగిపోవాలనే ఉంది.

"మళ్లొచ్చే సర్క్యులర్ సంగతేంది సార్?"

"అప్పుడూ చూద్దాం."

"ప్రతిసారి మీరే ఫోన్ చేసి చెప్తరా? విషయం మెయిల్లనే టైపు చేయున్రి. ఎవరేం చేయాల్నో పేరు పేరునా రాయున్రి, రంగులొద్దు. ముద్ర కాగితం కింద అంటించుకోండ్రి, నేనేమన్న వద్దన్ననా?"

"డబల్ పనమ్మా."

"మీకు డబల్. నాకెన్నేండ్ల సంది ఎంత పనో!"

"కొత్తగా పంపితే గడువు అందరికీ మళ్లీ ఇవ్వాలి. సోమయ్య కూడా ఆప్షన్ పెడతాడు. మీకంటే సీనియరు, సీటు ఆయనకే పోతుంది. ఆలోచించుకోండి."

"తెల్సు సార్."

ఆలోచించుకోవడానికి ఓపిక మిగల్లేదు. "పంపున్రి" అనేసి వచ్చింది. మెట్ల మీదే తనను తాను తిట్టుకుంది.

సాయంత్రం మెయిల్ వచ్చింది. ఏడెనిమిది పంక్తులు. యంత్రం మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చదివింది. కళావతి, సోమయ్య, ఇద్దరూ ఇరవయ్యో తారీఖులోగా ఈ మెయిల్‌కే జవాబు రాయాలి. అంతే. రెండోసారి వింది. తర్వాత తనే జవాబు టైపు చేసి పంపింది.

సోమయ్య కుంటుకుంటూ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, నేను ఆప్షన్ పెట్టకుంట ఉండాల్నా? నీకు అల్వాల్ కష్టం."

"నీకు మోకాళ్లు లేవు, నాకు కండ్లు లేవు. ఎవరికి సుఖం సోమన్నా? పెట్టు. పెట్టకుంటే నా మీద దయ చూపినవని మేడంతా చెప్పుకుంట తిరుగుత."

"అబ్బో, ఆ లొల్లి నాకొద్దు" అని ఆయన దగ్గుతూ నవ్వాడు. పెట్టాడు.

ఆఖరు వారంలో ఫలితం వచ్చింది. స్రవ్య ప్రింటు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, గుమ్మంలో ఆగిపోయింది.

"అక్కా, మెయిల్..."

"ఆగు. నేనే వింట."

హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఉత్తరాల విభాగం, సోమయ్య. కళావతి, అల్వాల్ శాఖ, ఒకటో తారీఖు నుంచి. పేర్లను అమెరికా గొంతు ఎప్పటిలాగే వంకర్లు తిప్పింది, కాని ఒక్క మాట వదల్లేదు.

కళావతి హెడ్‌ఫోన్ తీసి చుట్టింది.

"స్రవ్యా, అల్వాల్ బస్సు ఏడ మారాలె? సికింద్రాబాద్‌లనా?"

"అవునక్కా. నేనడిగి చెప్త."

"మెయిల్ రాయ్. ఫొటో పంపకు."