తప్పిన బిళ్ళను మళ్ళీ లేపే చెయ్యి

ఆదివారం ఆరాధన ముగిసి, చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే చిన్నమ్మ ఫోను చేసింది. "మీ చిన్నాయన పోయినాడు పాపా. పొద్దున టీ తాగి పండుకున్నాడు, మళ్ళ లెయ్యలా" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నేను అట్నుంచటే బస్టాండుకు నడిచాను. యర్రగొండపాలెం నుంచి మార్కాపురం దాకా బస్సులో నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఈ మనిషి చేసిన పని గురించి సమాధి దగ్గర ఎవరూ ఒక్క మాటైనా చెప్పరని నాకు తెలుసు. అట్లాగే అయింది, పాస్టరుగారు ఆయన సైన్యంలో చేశాడని చెప్పి, ప్రార్థన చేసి ముగించారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా నాయనకు తమ్ముడు. సైన్యం నుంచి వచ్చాక ఒక బ్యాంకు గుమ్మం ముందు తుపాకీతో కూర్చునే ఉద్యోగం చేశాడు. సాయంత్రాలు ఊరి చివర మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డులో ఎయిర్ రైఫిల్ నేర్పేవాడు. షూటింగ్ రేంజి అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ఆ చివర ఇసుక మూటలు, ఈ చివర రెండు బల్లలు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్ళు వచ్చేవారు, కాలేజీ ఎన్‌సీసీ పిల్లలు వచ్చేవారు. ఆడపిల్లకు తుపాకీ ఏందని మా అమ్మ గొణిగితే, "పాప పిట్టల్ని కొట్టదులే వదినా, కాగితాన్ని కొడతది" అని నన్నూ తీసుకుపోయాడు. ఇవాళ నేను బడిలో ఆటల టీచరునయ్యానంటే దాని మొదలు అక్కడే.

అరిచేవాడు కాదు. వెనక నిలబడి, "తొందర గుండుకు లేదు, నీకే ఉంది" అనేవాడు. గురి తప్పితే ఇంకో గుండు తీసి నా చేతిలో పెట్టేవాడు. అదే నాకు తిట్టినట్టుండేది.

తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు, తర్వాత చొక్కా గుండీలు, చివరికి తుపాకీ. ఒకరోజు రైఫిలు ఎత్తి, దించి, బల్ల మీద పెట్టి, "ఇంక మీరే కాల్చండి" అన్నాడు. బ్యాంకు ఉద్యోగం కూడా పోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు రేంజిలో ఆయనకు చేసే పనేమీ లేదు. మూలన కూర్చుని మమ్మల్ని చూస్తుండేవాడు. అంత గట్టి మనిషి అట్లా కూర్చోవడం నేను చూడలేకపోయేదాన్ని.

అప్పుడు పుట్టింది ఆయనకు రిమోటు ఆలోచన. పాత కార్ల తలుపులకు తాళం వేసే చిన్న మోటార్లు మెకానిక్ షెడ్ల చుట్టూ తిరిగి పట్టుకొచ్చాడు. గురి పెట్టడానికి అయిదు ఇనప బిళ్ళలు కోయించి, ఒక్కో దాని వెనక ఒక్కో మోటారు బిగించాడు. కరెంటుకు బైకు బ్యాటరీ. రిమోటు మీద అయిదు బటన్లు. బటన్ నొక్కితే బిళ్ళ లేస్తుంది, గుండు తగిలితే పడుతుంది, తగలకపోతే కాసేపటికి దానంతటదే పడుకుంటుంది. వైర్లు అతికించేటప్పుడు ఆయన చెయ్యి నిలవదు కాబట్టి ఆ పని నేను చేశాను. మొదటి బిళ్ళ లేచిన రోజు చిన్నమ్మను కూడా షెడ్డుకు పిలిపించాడు. "ఇది నా చేతిలో ఉన్నన్నాళ్ళు నేనింకా రేంజి మనిషినే" అన్నాడు ఆమెతో.

అయితే ఆయన జాలిగుండె మమ్మల్ని ముంచింది. ఎవరికైనా ఒక బిళ్ళ తప్పితే, చిన్నాయన వెంటనే దాన్నే మళ్ళీ లేపేవాడు. ఇంకొక్కసారి ప్రయత్నించుకోమని. వద్దనుకున్నా వేలు అటే పోయేది. మాకది అలవాటైపోయింది. తప్పిందా, అక్కడే గురిపెట్టి ఉంటే చాలు. ఆ అలవాటుతోనే ఒంగోలులో ఇట్లాంటి బిళ్ళల పోటీకి పోయాం. అక్కడి బిళ్ళలకు మా మీద జాలి ఎందుకుంటుంది? మేము తప్పిన వైపే చూస్తూ ఉంటే మిగతావి లేచి పడుకున్నాయి. అందరికంటే అడుగున నిలిచాం.

తిరుగు ప్రయాణంలో ఆయన గిద్దలూరు బస్సులో నా పక్కనే కూర్చుని, సగం దారి దాకా మా స్కోరు కాగితాన్ని విప్పి మడుస్తూ ఉన్నాడు. తర్వాత, "నా చెయ్యి తీసెయ్యాల పాపా. ఏది లేస్తదో నాకు కూడా తెలీకుండా చెయ్యాల" అన్నాడు.

"అట్ల చేస్తే నువ్వేం చేస్తావు చిన్నాయనా?" అని అడిగాను.

"నా సంగతి కాదులే ఇప్పుడు" అన్నాడు.

మోటార్లను దానంతటదే నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, వీడియోలు చూసుకుంటూ ఇద్దరం కూర్చున్నాం. బిళ్ళలు వాటంతట అవే లేచాయి. కానీ స్విచ్ వేసిన ప్రతిసారీ అదే వరస. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు కాల్చేశారు. చిన్నాయన నవ్వి, "ఇదీ నా మాదిరే ఉందే" అన్నాడు. ఆ నవ్వులో కొంచెం సంతోషం ఉందని నాకు ఇప్పటికీ అనుమానం. తర్వాత తెలిసింది, బోర్డుకు ఒక వైరు తగిలించి రెండో కొసను దేనికీ కలపకుండా గాలికి వదిలేయాలట. ఆ వైరులో పుట్టే కరెంటు పిచ్చి హెచ్చుతగ్గులను బట్టి వరస ప్రతిసారీ ఒక రకంగా మారుతుంది. అట్లాగే చేశాం, మారింది.

తర్వాతి ఏడు మా రేంజి పిల్లలు ఒంగోలులో నెగ్గారు. అందరూ మిషన్‌ను మెచ్చుకున్నారు. చిన్నాయన షెడ్డుకు వచ్చి, స్విచ్ వేసి, మూలన కూర్చునేవాడు. కొన్నాళ్ళకు స్విచ్ కూడా పిల్లలే వేసుకున్నారు. "ఆ గాలికి ఒదిలిన వైరుకైనా ఏదో పనుంది" అన్నాడట ఒకరోజు చిన్నమ్మతో. ఆ తర్వాత రావడం మానేశాడు. మేము నెగ్గడానికి ఆయన తన చోటును ఇచ్చేశాడు, మేము తీసేసుకున్నాం. దీన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాదు.

పోయిన నెల చూడటానికి వెళితే, షెడ్డుకు తీసుకుపొమ్మన్నాడు. ఎవరూ లేరు. "ఆ బోర్డు ఆపేసి పాత రిమోటు తగిలించు. నువ్వు కాల్చు, నేను లేపుతా" అన్నాడు. కుర్చీలో కూర్చుని రిమోటును రెండు చేతులతో ఒడిలో పట్టుకున్నాడు. ఎడమ నుంచి రెండో బిళ్ళ లేచింది. నిజంగానే గురి తప్పాను. తుపాకీని దాని మీదే ఉంచి ఎదురుచూశాను, మళ్ళీ లేపుతాడు కదా అని.

కుడి చివరది లేచింది. "అది కాదు పాపా" అన్నాడు. మధ్యది లేచింది. మళ్ళీ కుడిది. ఆయన వేలు ఆయన మాట వినడం లేదు. బటన్ల మీద గోరు టకటకా కొట్టుకోవడం వినిపిస్తోంది.

"ఉండు పాపా, ఇస్తా. ఉండు."

"తొందరేం లేదు చిన్నాయనా" అన్నాను.

నా గురిలో లేని బిళ్ళలు ఒక్కొక్కటే లేస్తున్నాయి, పడుకుంటున్నాయి. నాది మాత్రం లేవలేదు. షెడ్డులో వెలుతురు తగ్గి ఆ చివరి ఇసుక మూటలు కనబడకుండా పోయేదాకా నేను తుపాకీ దించలేదు.