బండ పలకని హాల్లో వీరస్వామి

వీరస్వామి ఒక్క పాటా కాగితం మీద పెట్టలేదు. యూనివర్సిటీ తోటల్లో ముప్పై ఏళ్లు మాలీగా మొక్కలకు నీళ్లు పెడుతూనే పాటలు కట్టాడు. ఒక్కో చరణాన్నీ ఒక్కో చోట దాచుకున్నాడు. మొదటిది వేప కింద, రెండోది నీళ్ల ట్యాంకు దగ్గర, మూడోది హాస్టల్ వెనక ఏనుగంత బండ దగ్గర. ఆ దారిన నడిస్తే చాలు, పాట దానంతటదే నోట్లోకొచ్చేది. స్టూడెంట్లు వెంట నడుస్తూ వినేవాళ్లు.

రిటైరయ్యాక మొదటిసారి తార్నాకలో ఓ హాల్లో స్టేజీ దొరికింది. పిలిచినవాడు తెలుగు పాఠాలు చెప్పే ఉమాపతి సారు.

"అన్నా, గిది మంచిగైతే వచ్చే నెల కాచిగూడల గూడ పాడిద్దాం. నడుమల ఆగినవంటే మాత్రం..." అని మిగతాది మింగేశాడు.

హాలు నిండా జనం. ఎదురుగా నున్నటి తెల్లగోడ. రెండు చరణాలు ఎట్లాగో గట్టెక్కాయి. మూడోదానికి గోడలో బండ కనబడలేదు. "బండా, నా బండా" అని నాలుగుసార్లు పిలిచాడు. బండ పలకలేదు. ముందువరుసలో ఎవరో దగ్గారు. ఉమాపతి సారు వాచీ చూసుకున్నాడు.

మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ల ఇంటికి ఆ బండ కూతవేటు దూరం. వీరస్వామి భార్యకు ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టి, మైకుకు ఆనించాడు.

"సాలమ్మా, యాడున్నవ్?"

"బట్టలారేస్తున్న. అయిపాయెనా పాట?"

"జెర బండ కాడికి పో. ఏం కనవడ్తున్నదో చెప్పు."

"ముప్పయ్యేండ్ల సంది నీకు కనవడ్తలేదా?"

హాలంతా గొల్లున నవ్వింది. చెప్పుల చప్పుడు, ఆయాసం, దారిలో ఎవరినో తిట్టడం అన్నీ మైకులో వినిపించాయి.

"వచ్చిన. ఏముంటది? బండున్నది. మీద మేకెక్కి దిగరాక ఒర్లుతున్నది."

"ఇంకా?"

"ఎవడో పోరడు ఒక పోరి పేరు కొట్టేసి, ఇంకో పోరి పేరు రాసిండు."

"గది కాదే, ఇంకా!"

"ఇంకేమున్నది నా తలకాయ! నువ్వు రోజూ చెయ్యి పెట్టి ఒరిగే జాగ నున్నగై మెరుస్తున్నది."

"ఆగాగు, దొరికింది!"

వీరస్వామి కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

"చెయ్యి తాకిన కాడ నున్నగైతివే బండా,
గొంతు తాకిన కాడ మెత్తగైతివే..."

చివరిదాకా ఎక్కడా ఆగలేదు. చప్పట్లు మోగుతుంటే ఉమాపతి సారు స్టేజీ ఎక్కొచ్చి భుజం తట్టాడు.

"కాచిగూడ ఖాయం అన్నా. గని, వదినె గూడ రావాలె."

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

"నేనొస్తే బండ కాడ ఎవలుంటరు సారూ?" అంది సాలమ్మ.