హద్దురాయి కింద బొగ్గులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గోపాల్‌పేటలో మా పక్కింటాయన గోడకు పునాది తవ్వుతుంటే, హద్దురాయి దాటి మా జాగాలోకి వచ్చావని అడ్డం నిలబడ్డాను. ఆయన్ను చిన్నప్పటి నుంచీ మామా అనే పిలిచేవాణ్ని.

"రాయిని మీ నాయననే జరిపిండు. ఊకె లొల్లి చెయ్యకు" అన్నాడు.

మా నాయన పోయి ఏడాది కూడా కాలేదు. మా గోడకు ఆనించి ఉన్న గడ్డపార అందుకుని కొట్టాను. ఆయన కుడిచెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. విని కూడా ఇంకో దెబ్బ వేశాను. ఆయన భార్య రాయి విసిరితే, నెత్తురు నా కంట్లోకి కారాకే గడ్డపార వదిలాను.

ఆయన దవాఖాన నుంచి వచ్చాక పెద్దమనుషులు కూర్చున్నారు. మా దిక్కు హద్దురాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గులు పోస్తారు. రాయిని ఎవరైనా జరిపినా బొగ్గులు అక్కడే ఉంటాయి. రాయి కింద తవ్వించారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. మా వైపు మూరెడు జరిగి తవ్వితే నల్లగా బొగ్గులు బయటపడ్డాయి.

"రాయి పీకి గీడ పాతుండ్రి" అన్నాడు పెద్దమనిషి.

మామ కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. "నాతోని కాదు. నువ్వే పాతు" అన్నాడు నాతో.

ఇంట్లోకి పోయి అదే గడ్డపార తెచ్చాను.