పటం ముందు మరచెంబు

దండ పట్టుకుని ఏ సంతాప సభకు వెళ్ళినా నాకు ఒక మరచెంబు గుర్తొస్తుంది.

తొంభైల నాటి మాట. మే నెల ఎండలో, ఉక్కు కర్మాగారం ఉన్న భిలాయ్‌లో మినీబస్సు ఎక్కాను. పక్క సీటులోని తెలుగు పెద్దావిడ మరచెంబును ఒళ్ళో పొదువుకుని కూర్చుంది. గంగాజలమా అని అడిగాను.

"గంగాజలం ఏటి బాబూ! క్యాంప్ టూలో మా ఈది కుళాయి నీళ్ళు. మొన్న పోయిన ఎమ్మెల్యేగారు ఆఫీసుల సుట్టూ సైకిలేసుకు తిరిగి ఏయించిన కుళాయి. ఈయేల ఆయన సంతాప సభ కదా, దండకి బదులు ఇయ్యే పటం కాడ పెడతాను."

ఇంతలో డ్యూటీ దిగి వస్తున్న కార్మికుడొకడు, "అమ్మా, థోడా పానీ మిలేగా?" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి మూత తిప్పింది. తర్వాత కండక్టరు తాగాడు, వెనక సీట్ల వాళ్ళు తాగారు. నా వంతు వచ్చేసరికి మొహమాటపడ్డాను.

"సభకి మిగలవేమోనమ్మా."

"పటానికి దాహమేస్తదేటి? తాగు బాబూ!"

బస్సంతా నవ్వింది. నేనూ తాగాను.

సభ దగ్గర ఆవిడ దిగింది. కిటికీలోంచి చూస్తే, దండలు పట్టుకున్న పెద్దమనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి, పటం ముందు మరచెంబును బోర్లించి చూపిస్తోంది. ఒక్క చుక్క రాలలేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది.