అచ్చులోకి ఏది దిగాలి

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల సారు అడ్డుపడలేదు. మంచి పని చేశావని మెచ్చుకుని, నేను ఖాళీ చేసిన చోట తన గొడుగు పెట్టుకున్నాడు. గొడుగైతే మధ్యలో మాట్లాడదు కదా! అలాంటి నేను గోదావరిఖనిలో ఒక కంప్యూటర్ సెంటరుకు పెద్ద దిక్కును.

సెంటరు యజమానిని అందరూ భాయ్ అంటారు. అక్కడ ప్రతి మిషన్లోనూ ఒక వర్చువల్ మిషన్ నడుస్తుంది, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. దాన్ని నేను ఒకసారి తయారుచేసి అచ్చు తీస్తాను. రోజూ పొద్దున అన్నీ ఆ అచ్చులోంచే లేస్తాయి. ఎవరేం పాడుచేసినా మర్నాటికి మాయం. అచ్చులోనే తప్పుంటే మాత్రం అందరికీ అదే తప్పు. అందుకే అందులోకి ఏది పోవాలో తేల్చే పెత్తనం నాది.

మా బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. దిగేముందు ప్రతివాడి జేబులూ తడిమేవారు. లోపల గ్యాసు అంటుకుంటుందని, అగ్గిపెట్టె దొరికితే ఎంత సీనియరైనా దిగేది లేదు. నా పద్ధతీ అదే. దేనికొచ్చావు, వెంట ఏం తెచ్చావు అని అడగనిదే దేన్నీ లోపలికి పంపను.

కొన్నాళ్ల కిందట సెంటినరీ కాలనీ నుంచి ఒక అక్క వచ్చేది. బొగ్గు కంపెనీలో జనరల్ మజ్దూరు, అంటే ఏ పని చెబితే ఆ పని చేసే కూలీ. షిఫ్టు దిగి నేరుగా వచ్చి తెలుగు టైపింగ్ సాధన చేసేది. పరీక్ష పాసైతే క్లర్కు. వేళ్లు బాగానే పరుగెత్తేవి గానీ, వత్తు పడ్డచోటల్లా తెర బిగుసుకుపోయేది.

"ఏంది తమ్మీ ఇది? నేను ఉరుకుతుంటే ఇది కూసుంటది."

"నువ్వంటే గౌరవం అక్కా. ఆగి దండం పెడ్తున్నది."

"దండాలు తర్వాత. వచ్చే వారమే పరీక్ష."

టైపింగ్ ప్యాకేజీ కొత్తది వచ్చిందని, ఈ రోగానికి అందులో మందుందని భాయ్ చెప్పాడు. "అరే మియా, జల్ది ఎక్కించు. బ్రౌజర్‌ది, ప్రింటర్‌ది, అన్నీ కొత్తయే ఏసెయ్. ఫికర్ ఖతం."

బ్రౌజర్ భద్రతా సవరణ ఎక్కించాను. ఊడిన గొళ్లెం బిగించాల్సిందే. ప్రింటరు బాగానే నడుస్తోంది, ముట్టుకోలేదు. కొత్త టైపింగ్ ప్యాకేజీని మాత్రం అచ్చులో కాకుండా ఒక్క కాపీలో వేసి అక్కను కూర్చోబెట్టాను. వత్తులు ఆగకుండా పడ్డాయి. భాయ్ నవ్వాడు. అంతలో 'నీళ్లు' అని కొట్టాల్సిన చోట ఇంకేదో పడింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. కొత్త ప్యాకేజీ కొన్ని అక్షరాల మీటలను చోటు మార్చేసింది. పరీక్షలో ఉండేది పాత అమరికే.

"దీని మీద నేర్సుకుంటే నా చెయ్యి ఖరాబైతది," అంటూ అక్క లేచింది.

"నువ్వు కూసో అక్కా. లేవాల్సింది ఇది," అని ప్యాకేజీని పీకేశాను.

"మందు పారబోస్తివి గదా!" అన్నాడు భాయ్.

"మందు కావాలె భాయ్. దాని ఎంబడి వచ్చిన చుట్టాలు వద్దు."

ప్యాకేజీ తయారుచేసినవాళ్లు పాత వెర్షన్ కోసం వత్తుల సవరణ ఒక్కదాన్నే విడిగా కూడా ఇచ్చారు. వెతికి పట్టుకున్నాను. సాయంత్రమంతా వెనకే నిలబడి సలహాలిస్తూ అక్క చేత కొట్టించి, వత్తులు సాగాయని, మీటలు కదల్లేదని చూశాకే అచ్చు తీశాను. పరీక్ష అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టొద్దని భాయ్‌కి కూడా చెప్పాను.

ఫలితాలొచ్చిన రోజు అక్క మిఠాయి డబ్బాతో వచ్చింది. నేను ఛాతీ విరుచుకుని, "చూస్తివా అక్కా, అంతా నా అచ్చు మహిమ!" అన్నాను.

ఆమె డబ్బాను భాయ్ చేతికిచ్చింది. "అచ్చు మంచిదే తమ్మీ. గానీ పరీక్ష కాడ ఎనుక నిలబడి నీ లెక్క లొల్లి పెట్టేటోడు లేకుండె. గందుకే ఇంకా మంచిగ కొట్టిన."