రేపల్లె దాకా, ఒక తుఫాను షెల్టర్ కోసం

రేపల్లె అవతల ఒక ఊళ్లో తుఫాను షెల్టర్ స్థలం నిర్ణయిస్తున్నారనీ, యానాదుల కాలనీ వాళ్లనూ ఆ సమావేశానికి తీసుకురమ్మనీ బాపట్లలో మా స్వచ్ఛంద సంస్థ నన్ను పంపింది. తొంభైల మొదట్లో మాట. పొద్దున్నే బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగితే రేపల్లె పాసింజరు ఆలస్యమన్నారు. ఇడ్లీ చేతిలో ఉన్నా చూపు సిగ్నల్ మీదే. రైలు కదిలాక కూడా వేమూరు దాటేవరకు తలుపు దగ్గరే నిలబడ్డాను.

రేపల్లెలో రిక్షా ఎక్కి కాలనీకి అనగానే రిక్షా తొక్కే మస్తాన్ వెనక్కి తిరిగాడు. "ఇప్పుడక్కడ ఎవరూ ఉండరమ్మా. అంతా పీతల వేటకెళ్తారు. పొద్దు వాలాకే వచ్చేది."

సమావేశమేమో మధ్యాహ్నం! నేరుగా సమావేశం జరిగే ఊరి బడికి వెళ్లాను. షెల్టర్ కట్టించే ఇంజనీరు గారు అప్పటికే పటం చుట్టేస్తున్నారు.

"బడి పక్కనే కడుతున్నామండి. పెద్దలంతా ఒప్పుకున్నారు, ఇంకేంటి?"

"కాలనీ వాళ్లు రాలేదు కదండీ. సాయంత్రం దాకా ఆగండి."

"ఆఖరి బస్సు పోతే?"

"నాకూ పోతుందండి."

విసుక్కుంటూనే కూర్చున్నారు. నేను మాత్రం కూర్చోలేక బడి వరండాలో తిరుగుతూనే ఉన్నాను.

పొద్దు వాలాక ఇంజనీరు గారూ నేనూ సర్పంచి గారితో కలిసి కాలనీకి వెళ్లాం. తడి బుట్ట దించుతున్న రమణమ్మ అనే ఆవిడ మేం చెప్పిన సంగతి విని వెంటనే అంది. "బడి కాడైతే మేం రాం సార్. పోయిన గాలివానకి మా అమ్మని మోసుకుని అక్కడికే పోయాం. లోపల చోటు లేదు, వరండాలో ఉండమన్నారు. తెల్లార్లూ తడిశాం. ఆ చలికే అమ్మ పోయింది."

సర్పంచి గారు తల దించుకున్నారు. ఇంజనీరు గారు మెల్లగా, "ఇక్కడ నేల పల్లమమ్మా, కట్టలేను" అన్నారు.

"ఊరికీ మాకూ నడుమ మెట్ట ఉందిగా, అక్కడ కట్టండి. తాళంచెవి మాకూ ఒకటివ్వాలి."

"రెండెందుకమ్మా?" అన్నారు సర్పంచి గారు.

"మళ్లీ ఎవర్నీ అడుక్కోకుండా."

మెట్ట ఖాయమైంది. తాళంచెవి దగ్గర మాత్రం మాట తెగలేదు. షెల్టర్ లేచాక కాలనీ ఆడవాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుంటేగానీ అది వాళ్ల చేతికి రాలేదు. తర్వాతి తుఫానుకి సర్పంచి గారి ఇంటివాళ్లు వచ్చేసరికి రమణమ్మే తలుపు తీసి ఉంచిందట. లోపలికి జరిగి, వాళ్ల ముసలామెకు గోడ వారన చోటిచ్చిందట. ఆ మాట విన్నరోజు నాకు ఏ పనిమీదా మనసు నిలవలేదు.

ఇలాంటి పని మీద అటు వెళ్లేవారికి ఒక్క మాట: వేటకెళ్లినవాళ్లు ఇల్లు చేరే వేళకే సమావేశం పెట్టుకోండి, రాత్రికి రేపల్లెలో బస ముందే చూసుకోండి.