చెమటే పట్టలేదు కదా!

ఏప్రిల్లో రాజస్థాన్ సరిహద్దు పోస్టులో దిగాను. చుట్టూ ఇసుక, ముళ్లకంప, ఒక నీళ్ల ట్యాంకరు. వెంట జూలీ. లాబ్రడార్ ఆడకుక్క. మందుపాతరల వాసన పట్టడం దాని ఉద్యోగం, దాన్ని నడిపించడం నా ఉద్యోగం. రేపల్లెలో మావాళ్లు "కుక్కల్ని కాయడానికి మిలటరీ దాకా పోవాలంట్రా?" అని నవ్వేవారు. ఆ కుక్క ముక్కు వెనకాల నడిచి మా దళమంతా రోజూ ప్రాణాలతో తిరిగొచ్చేది. నవ్వుకోండి.

తెల్లవారకముందే బయలుదేరేవాళ్లం. ఎండ ముదరకముందే వెనక్కి వచ్చేసేవాళ్లం. గుర్రానికి మనలాగే ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్క ఒంటికి పట్టదు. లోపలి వేడి పోవాలంటే నోరు బార్లా తెరిచి, నాలుక చాచి రొప్పాల్సిందే. జనం అది చూసి "భలే నవ్వుతోంది" అని ఫోటోలు తీసుకుంటారు. నవ్వూ కాదు, పాడూ కాదు. అది వేడి కక్కుతోంది.

జూన్లో ఎవరో పెద్ద అతిథులు వస్తున్నారని ప్రదర్శన పెట్టారు. ఏర్పాట్లు చూసే ఆఫీసరు గుర్రాల దళం నుంచి వచ్చినవాడు. జూలీని చూసి, "మూతికి పట్టీ బిగించు" అన్నాడు. అది నోరు తెరవనివ్వని తోలు పట్టీ. మందు వేసేటప్పుడు కాసేపు కడతాం, అంతే.

"సార్, ఇది కడితే రొప్పలేదు. ఎండకు తట్టుకోలేదు," అన్నాను.

"కట్టమన్నానా లేదా?"

కట్టాను. పదిన్నరకు వరసలో నిలబెట్టారు. అతిథుల జాడ లేదు. పక్కన ప్రదర్శనకు తెచ్చిన గుర్రాలు చెమటకు నురగలు కడుతుంటే, వాటిని నీడకు పంపించాడు. నేను మళ్లీ అడిగాను. ఆయన వచ్చి జూలీ వీపు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఒళ్లు పొడిగానే ఉంది. చెమటే పట్టలేదు కదా! దీనికేం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. తెలియకపోవడం తప్పు కాదు. ఆ పనే చేసేవాడు పక్కన నిలబడి మొత్తుకుంటుంటే వినకపోవడం తప్పు.

జూలీ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు కాబట్టి కూర్చోలేదు. వెనక కాళ్లు వణికాయి. ఇక ఆర్డరూ లేదు, గాడిదగుడ్డూ లేదని పట్టీ కోసి పారేశాను. వంటశాల వరండాలోకి నడిపించి, పొట్ట మీద, తొడల మీద నీళ్లు పోశాను. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగాయి.

మా రేడియో ఆపరేటరు బాపట్లవాడు. కిటికీలోంచి అరిచాడు. "బావా, డాక్టరుగారు బయల్దేరారంట! ఇంకో గంట పడుద్దంట!"

"అంతసేపు ఉండదురా ఇది."

"నీళ్లు పొయ్యి బావా, ఆపమాక!"

ఆపలేదు. డాక్టరు రాకముందే జూలీ పోయింది. అతిథులు ఆ రోజు రానే లేదు. సాయంత్రం ఆఫీసరు నా భుజం తట్టి, "ఇంకో కుక్క వస్తుందిలే," అన్నాడు.

పోస్టింగు ముగిసి ఇంటికి వస్తూ, తెనాలిలో రేపల్లె రైలెక్కాను. ఎదురు సీట్లో ఒక పెద్దాయన తమ ఊరి దుర్మార్గుడెవడి గురించో చెబుతున్నాడు. "చివరికి కుక్కచావు చచ్చాడండీ!"

"బాబాయ్, కుక్క చావడం ఎప్పుడన్నా చూశారా?" అన్నాను. నా గొంతుకు పెట్టెలో అందరూ ఇటు తిరిగారు.

"ఏంటయ్యా, మాటవరసకన్నాను."

"మాటవరసకైనా అనొద్దండి. ఆ చావుకి మీవాడు సరిపోడు."



కుక్కకు చెమట పట్టే చోటు ఒకటుంది, పాదాల అడుగున. ఆ రోజు వరండాలోకి వచ్చినప్పుడు నేనింకా నీళ్లు పోయలేదు. గుమ్మం నుంచి గోడ దాకా సిమెంటు మీద జూలీ పాదాల గుర్తులు, తడితడిగా. నేను బకెట్ అందుకునేలోపే అవి ఆరిపోయాయి.